ఎడారి దేశమునకు ప్రయాణము: ముందుగా అడుగవలసిన ప్రశ్నలు
(పాఠశాల వార్షికోత్సవమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమునాడు ప్రధానోపాధ్యాయుడు నివేదిక చదువుట ఆచారము. ఉత్తీర్ణులైన వారి సంఖ్య, క్రొత్తగా చేయించిన బల్లలు, ఇంకను పూర్తికాని ప్రహరీగోడ, వీని వివరములన్నియు అచ్చువేయించి మీ చేతికిచ్చితిమి. వానిని మఱల చదివి మీ కాలమును హరింపను. ఈ సంవత్సరము మన తొమ్మిదవ తరగతివారు భూగోళ పాఠములో చేసిన ఒక పనినిగూర్చి చెప్పెదను. వారు ఒక ప్రయాణమునకు ప్రణాళిక వ్రాసిరి. పోదలచిన దేశము లిబియా. అది ఆఫ్రికా ఖండమునకు ఉత్తరమున, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న ఎడారి దేశము.

బాగేపల్లి, చింతామణి తాలూకాల బిడ్డలకు లిబియాతో ఏమి పనియని మీరు అడుగవచ్చును. పని కలదు. అది యెట్లు కలిగెనో మనవి చేసెదను.

గత దసరా సెలవులలో ఒక సాయంకాలము మా ఇంటికి ఒకాయన వచ్చెను. ఆయన మన పాఠశాల పూర్వ విద్యార్థి. ఆయన కుమార్తె ఇప్పుడు మన ఏడవ తరగతిలో చదువుచున్నది. పేరు చెప్పను. ఆయన అనుమతి తీసికొనియే ఈ విషయము చెప్పుచున్నాను. చొక్కా జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగితము తీసి, "అయ్యవారూ, ఇది చదివి చెప్పండి. పోవచ్చునా, పోకూడదా?" అని అడిగెను.

కాగితముపై ఒక ప్రక్క అరబ్బీ, ఒక ప్రక్క ఇంగ్లీషు. లిబియాలో కట్టడపు పనికి రెండేండ్ల ఒప్పందము. ఆయన చదువగలిగినవి అందులో రెండే: తన పేరు, జీతపు అంకె. నేను హిందూపురములో ఇంటర్మీడియట్ వరకు చదివి, అటుపిమ్మట ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. నిఘంటువు దగ్గర పెట్టుకొని ఇంగ్లీషు భాగమును రాత్రి పదిగంటలదాక చదివితిని. సగము అర్థమయ్యెను. అర్థము కాని సగములోనే ఆయన బ్రదుకు ఉన్నదని నాకు తోచెను.

ఏలయనగా ఆయన ఆ దేశమునకు పోవుట ఇది మొదటిసారి కాదు. 2010లో ఒక మధ్యవర్తిని నమ్మి, రెండెకరముల మెట్టభూమిని తాకట్టు పెట్టి, లక్షన్నర రూపాయలు చెల్లించి బెంగాజీ నగర సమీపమునకు వెళ్ళెను. నాలుగు నెలలు జీతము వచ్చెను, మూడు నెలలు రాలేదు. అంతలో 2011 ఫిబ్రవరిలో అచ్చట తిరుగుబాటు పుట్టెను. మన ప్రభుత్వము విమానములను, ఓడలను పంపి 15 వేలకు పైగా భారతీయులను ఆ దేశమునుండి తరలించెను. బెంగాజీ రేవునుండి స్కోషియా ప్రిన్స్ అను ఓడ వెయ్యిమందికి పైగా మనవారిని ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు చేర్చెను. అచ్చటినుండి వారు విమానములలో స్వదేశమునకు వచ్చిరి. ఆ ఓడలో వచ్చినవారిలో ఈయన ఒకడు. చేతిసంచితో ఇల్లు చేరెను. అప్పు తీరుటకు మాత్రము ఆరేండ్లు పట్టెను.

ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. దానిని మీ యెదుట చెప్పుకొనక ఈ ప్రసంగము చేయుటకు నాకు అర్హత లేదు. 2003లో ఈయన తొమ్మిదవ తరగతి విద్యార్థి. నేను తరగతి ఉపాధ్యాయుడను. ఆ యేడు వారి బోరు ఎండిపోయెను. తండ్రి బెంగళూరికి కూలిపనికి పోయెను, కొన్నినాళ్ళకు కొడుకును గూడ తీసికొనిపోయెను. రెండు నెలలు చూచి, హాజరుపట్టీలో ఆ పేరుపై ఎఱ్ఱసిరాతో గీత గీచితిని. వారి ఊరు పాఠశాలకు మూడు మైళ్ళ దూరము. ఒక్కమారైనను సైకిలెక్కి పోయి, "పిల్లవాడు ఎక్కడ?" అని అడుగనైతిని. ఆ గీతకు ఎంత వెల యగునో నాకప్పుడు తెలియలేదు. ఈ సంవత్సరమే తెలిసికొంటిని.

సెలవులు ముగిసిన పిమ్మట ఆ కాగితమును తొమ్మిదవ తరగతికి తీసికొనిపోయితిని. పేరు, చిరునామా కనబడకుండ అంటించి, "ఒక మనిషి లిబియాకు పోవలెను. ఏమేమి తెలిసికొని పోవలెనో మీరు ప్రణాళిక వ్రాయుడు" అంటిని.

మొదట పటము చూచిరి. బెంగళూరునుండి త్రిపోలీ నగరమునకు సుమారు 7,000 కిలోమీటర్లు. మనకు మధ్యాహ్నము పన్నెండు గంటలైనపుడు అచ్చట ఉదయము ఎనిమిదిన్నర. దేశ వైశాల్యము 17 లక్షల 60 వేల చదరపు కిలోమీటర్లు, అనగా మన భారతదేశములో సగమునకు మించినది. జనసంఖ్య మాత్రము 70 లక్షలకు కొంచెము పైన. ఒక్క బెంగళూరు నగరములో ఉన్న జనమంతయు ఆ దేశమున లేరు. నేలలో పదింట తొమ్మిది పాళ్ళు ఎడారి. జనములో ఎక్కువమంది సుమారు 1,770 కిలోమీటర్ల పొడవున్న సముద్రతీరము వెంబడి నివసింతురు. తీరమున చలికాలములో వాన కురియును. దక్షిణమున ఎడారిలో పగలు నిప్పు, రాత్రి చలి. వసంతకాలమున గిబ్లీ అను వేడిగాలి ఇసుకతో వీచును. ఆ దేశమునకు పోవువాడు గొంగళిని వదలి పోరాదని ఒక పిల్లవాడు వ్రాసెను. అది సరియైన మాటయే.

ఇచ్చట నేను గూడ ఒక పాఠము నేర్చుకొంటిని. ప్రపంచములోకెల్ల అధికమైన వేడి లిబియాలోని అజీజియాలో 1922 సెప్టెంబరు 13న నమోదైనదనియు, అది 58 డిగ్రీలనియు పూర్వపు పుస్తకములలో ఉండెడిది. అనేక సంవత్సరములు నేనట్లే చెప్పితిని. ఆ లెక్క వ్రాసినవాడు అనుభవము లేనివాడై పొరపాటు చేసెనని విచారణలో తేలి, 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ దానిని కొట్టివేసెను. తొంబదియేండ్లు నిలిచిన అంకె తప్పయినది. అచ్చులో ఉన్నంతమాత్రమున ప్రతి అంకెను నమ్మరాదని పిల్లలకు చెప్పితిని. ఒప్పంద పత్రములోని అంకెకును ఈ మాట వర్తించును.

"అంత ఎడారిలో నీళ్ళెట్లు త్రాగుదురు?" అని ఒక బాలిక అడిగెను. దక్షిణ లిబియాలో ఇసుకక్రింద, రాతిపొరలలో, వేలయేండ్లనాడు వానలు విస్తారముగా కురిసిన కాలమున ఇంకిన నీరు నిలిచియున్నది. దానిని లోతైన బావులతో తోడి, నాలుగు మీటర్ల వెడల్పుగల కాంక్రీటు గొట్టములలో ఉత్తరపు నగరములకు తెచ్చు పనిని 1984లో ప్రారంభించిరి. 1991లో బెంగాజీకి, 1996లో త్రిపోలీకి నీరు వచ్చెను. అది గొప్ప పనియే. కాని తోడిన నీటికి బదులుగా మఱల ఇంకు నీరు లేదు. ఇది విని ఆ బాలిక, "మా బోరుకూడ అట్లే సార్, మా జేజి కాలమున ముప్పది అడుగులలో నీళ్ళుండెనట" అనెను. ఆమెకు లిబియా ఇక పరదేశముగా తోచలేదు. చిత్రావతి, పాపఘ్ని, ఉత్తర పినాకిని నందికొండల ప్రాంతమున పుట్టియు, ఏడాది పొడవున పారని నదులు. వేయి అడుగులు దాటి బోర్లు వేయుచున్న మనకు ఆ దేశపు కష్టము విడమరచి చెప్పనక్కరలేదు.

ఎండిన వాగును నమ్మరాదని గూడ ఆ దేశమే చెప్పుచున్నది. 2023 సెప్టెంబరు 10వ తేది రాత్రి తుపాను వానకు డెర్నా పట్టణమునకు ఎగువనున్న రెండు ఆనకట్టలు తెగెను. అవి 1970లలో కట్టినవి. ఊరిలో కొన్ని పేటలు సముద్రములోనికి కొట్టుకొనిపోయెను, వేలమంది మరణించిరి. 2021 నవంబరులో మన చెరువులు అలుగులు పారి రోడ్లు తెగినది మీరు మఱచియుండరు. వాగు పొడిగా ఉన్నదని దాని గర్భములో ఇల్లు కట్టువాడు ఏ దేశమువాడైనను ఒక్కటే.

చరిత్ర భాగమును వ్రాసినవారు లెప్టిస్ మాగ్నా, సబ్రాతా, సిరీనీ అను పురాతన నగర శిథిలములను పేర్కొనిరి. రోము సామ్రాజ్యమును పాలించిన సెప్టిమియస్ సెవెరస్ లెప్టిస్‌లో పుట్టినవాడు. ఆ మూడు నగరములును 1982లోనే ప్రపంచ వారసత్వ స్థలములైనవి. యుద్ధములవలన 2016లో ఆ దేశపు అయిదు వారసత్వ స్థలములను అపాయములో ఉన్నవాని పట్టికలో చేర్చిరి. మన ప్రాంతమునకు దగ్గరి సంబంధము ఇంకొకటి కలదు. బెంగళూరు హలసూరులో కేంద్రముగల మద్రాసు శాపర్లు రెండవ ప్రపంచయుద్ధమున నాలుగవ భారత డివిజనుతో కలిసి ఈ ఉత్తరాఫ్రికా ఎడారులలో పనిచేసిరి. బాటలు వేయుట, వంతెనలు కట్టుట, పాతిన మందుపాతరలు తీయుట వారి పని. తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము మాటలాడు యువకులు అందులో ఉండిరి. ఆ యుద్ధమునాటి మందుపాతరలు కొన్ని ఇప్పటికిని లిబియా నేలలో ఉన్నవి. కావున బాట విడచి నడువరాదని ప్రణాళికలో వ్రాసికొంటిమి.

తల్లిదండ్రులారా! ఇక మీరు ముఖ్యముగా వినవలసిన భాగమునకు వచ్చితిని.

పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివానికి, ఆదాయపుపన్ను చెల్లించుట వంటి ఇతర మినహాయింపు ఏదియు లేనియెడల, మన పాసుపోర్టులో వలస తనిఖీ అవసరమను గుర్తు పడును. అట్టివాడు 18 దేశముల పట్టికలోని ఏ దేశమునకైనను ఉద్యోగమునకై పోవలెనన్న, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారి అనుమతి పొందవలెను. 1983 నాటి వలస చట్టము క్రింద వచ్చిన ఏర్పాటిది. గల్ఫు దేశములు ఆ పట్టికలో ఉన్నవి, లిబియాయు ఉన్నది. ఈ తనిఖీ పేదవాని రక్షణకొఱకు పెట్టినది. కాని మధ్యవర్తులు దీనిని తప్పించుకొనుటకు దొంగత్రోవలు చూపుదురు. ఉద్యోగమునకు పోవువానిని యాత్రికుని వీసాపై పంపుదురు. అట్లు పోయినవాని ఒప్పందమును ఎవరును పరిశీలించి యుండరు. పోయిన తరువాత అతని మొఱ వినుట అధికారులకును కష్టమగును. ఒక పదవ తరగతి సర్టిఫికెట్టు లేకపోవుటచేత మనిషి ఎంత వంకర త్రోవ త్రొక్కవలసి వచ్చునో చూడుడు. నేను గీచిన ఎఱ్ఱ గీత వెల ఇదియే.

అయితే సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రమున అపాయము తప్పునని అనుకొనవలదు. పదవ తరగతి ఉత్తీర్ణుని ఎవరును ఆపరు. ఆపరు గనుక అతని కాగితమును ఎవరును చూడరు. అతడే చూచుకొనవలెను. అడ్డు లేకపోవుట వేరు, రక్ష ఉండుట వేరు. 2015 జూలైలో లిబియాలోని సిర్త్ విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న నలుగురు భారతీయ అధ్యాపకులు స్వదేశమునకు బయలుదేరి దారిలో అపహరింపబడిరి. అందిద్దరు కర్ణాటకమువారు, ఇద్దరు తెలుగువారు. కర్ణాటకమువారు రెండు మూడు దినములలో విడుదలైరి. తెలుగువారిద్దరు ఏడాదికి పైగా చెఱలో ఉండి 2016 సెప్టెంబరులో బయటపడిరి. వారు గొప్ప చదువులు చదివినవారే. 2016 మే నెలలో మన ప్రభుత్వము ఆ దేశమునకు ప్రయాణమునే నిషేధించెను. ఇట్టి నియమములు కాలమునుబట్టి మారుచుండును. కావున బయలుదేరదలచిన నాటి నియమమేమో విదేశాంగ మంత్రిత్వశాఖను అడిగి తెలిసికొనవలెను గాని, మధ్యవర్తి నోటిమాటపై ఆధారపడరాదు. ఇటలీలో ఉద్యోగమని ఆశపెట్టి పంజాబు, హర్యానా యువకులను లిబియాకు చేర్చగా, వారిలో 17 మంది అష్టకష్టములు పడి 2023 ఆగస్టులో ఢిల్లీకి తిరిగివచ్చిరి.

పిల్లలు ఈ విషయములన్నియు విచారించి తొమ్మిది ప్రశ్నలు వ్రాసిరి. వానిలో ముఖ్యమైనవి వినుడు. పంపువానికి ప్రభుత్వ లైసెన్సు ఉన్నదా, దాని సంఖ్య యేమి? ఆ సంఖ్యను ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ అంతర్జాల స్థానములో సరిచూడవచ్చును. రుసుము ఎంత? లైసెన్సుగల ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను, ఇంతకు మించి తీసికొనరాదు, రసీదు ఇవ్వవలెను. యజమాని పేరు, పనిచేయు ఊరు పత్రములో ఉన్నవా? జీతము ఏ నాణెములో, ఏ తేదీన ఇత్తురు? తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిది? పాసుపోర్టు ఎవరియొద్ద ఉండును? ప్రవాసీ భారతీయ బీమా చేయించితిరా? ఆ బీమాకు రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు, దానిపై పన్ను. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయలు వచ్చును. రెండెకరములు తాకట్టు పెట్టినవానికి 2010లో ఈ ప్రశ్నలలో ఒక్కటియు ఎవరును చెప్పలేదు.

తొమ్మిదవ ప్రశ్న ఒక చిన్నవాడు వ్రాసెను: "ఈ కాగితము మా భాషలో ఎందుకు లేదు?" దానికి నాయొద్ద సిద్ధమైన సమాధానము లేకపోయెను. భాషాల్పసంఖ్యాకుల సంఘమువారమైన మనము ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

లిబియాలో గూడ మనవంటివారున్నారు. నఫూసా కొండలలోను, జువారా పట్టణమునను అమాజిగ్ అను జాతివారు తమ సొంత భాష మాటలాడుదురు. వారికి తిఫినాగ్ అను ప్రాచీన లిపి కలదు. గడాఫీ పాలనలో ఆ భాషను బడిలో చెప్పుటకు గాని, అచ్చువేయుటకు గాని అనుమతి లేకుండెను. తల్లులు ఇంటిలో మాటలాడి దానిని నిలిపిరి. 2011 తరువాత వారి ఊళ్ళ బడులలో ఆ భాష పాఠముగా వచ్చెను. మనకు అట్టి నిషేధములు లేవు. మన రాజ్యాంగము 30వ అధికరణములో అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కునిచ్చినది. కైవారము నారాయణప్ప తాత తెలుగులోను, కన్నడములోను పాడిన నేల ఇది. ఒక భాష ఉన్నచోట ఇంకొకటి ఉండరాదని ఆయన అనుకొనలేదు. మన బిడ్డ తెలుగులో ఆలోచింప నేర్వవలెను. అయితే తాలూకా కచేరి కాగితము కన్నడములో వచ్చును, ఒప్పందము ఇంగ్లీషులో వచ్చును. ఆ రెండింటిని చదివి, తల్లికి తెలుగులో విడమరచి చెప్పగలిగిన బిడ్డయే మన పాఠశాలకు గౌరవము. ఇంటిభాష ఒక్కటి చాలుననుట ఎంత పొరపాటో, అది అక్కరలేదనుటయు అంత పొరపాటు.

మా ప్రణాళిక ఫలితమేమని మీరు అడుగుదురు. ఆ తొమ్మిది ప్రశ్నలను ఆ పూర్వ విద్యార్థి మధ్యవర్తికి పంపెను. మొదటి ప్రశ్న లైసెన్సు సంఖ్య. వారము దినములు జవాబు లేదు. పిమ్మట ఫోనులో, "నీకు ఇష్టము లేకున్న చెప్పు, నీ చోటికి పదిమంది ఉన్నారు" అని జవాబు వచ్చెను. ఆయన ఈసారి భూమి తాకట్టు పెట్టలేదు. పోవలదని నేను చెప్పలేదు, చెప్పుటకు నాకు అధికారమును లేదు. ఇంటిలో ఆదాయము చాలనివానికి, "ఉన్న ఊరు విడువకు" అని నీతి చెప్పుట నెలజీతము తీసికొనువానికి సులభము. పోయినను సరియైన త్రోవలో పొమ్మని మాత్రమే నా కోరిక. ఇప్పుడాయన ప్రైవేటు అభ్యర్థిగా పదవ తరగతి పరీక్షకు చదువుచున్నాడు. వారమునకు మూడు సాయంకాలములు మన పాఠశాలకు వచ్చును. లెక్కలు నేను చెప్పుదును. కన్నడము ఆయన కుమార్తె చెప్పును. తప్పు వ్రాసినపుడు ఆమె కోపపడును. ఉత్తీర్ణుడగునో కాదో చూడవలెను.

మీకు రెండు మనవులు చేసి ముగించెదను.

మొదటిది: ఈ సంవత్సరము మన తొమ్మిదవ తరగతిలో ముగ్గురు పిల్లలు దీపావళి తరువాత సరిగా బడికి వచ్చుటలేదు. ఒకడు టమాట మండీలో, ఒకడు పట్టుగూళ్ళ పనిలో ఉన్నారు; ఒక అమ్మాయికి సంబంధము చూచుచున్నారని విన్నాను. ఈసారి హాజరుపట్టీలో గీత గీయను. వచ్చే వారము ఆ మూడు ఇండ్లకు నేనే వచ్చెదను. నన్ను గడపలో నిలువబెట్టి పంపకుడు.

రెండవది: వచ్చే నెలనుండి ప్రతి నెల మొదటి ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి పన్నెండు గంటలవరకు మన పాఠశాల వరండాలో నేనును, ఇద్దరు ఉపాధ్యాయులును కూర్చుందుము. ఉద్యోగ ఒప్పందము గాని, తాకట్టు పత్రము గాని, బ్యాంకు నోటీసు గాని, మీకు తెలియని భాషలో ఏ కాగితము వచ్చినను తీసికొని రండు. చదివి తెలుగులో చెప్పెదము. మాకు తెలియనిచోట తెలియదని చెప్పి, తెలిసినవారియొద్దకు పంపెదము. దీనికి రుసుము లేదు. సంతకము పెట్టిన పిమ్మట గాక, పెట్టుటకు ముందే రండు. ఇదియే నా ప్రార్థన.